విన్నపం నుంచి సమాధానం దాకా: ప్రభుత్వ విధాన చర్చలో పౌరుని స్థానం – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రభుత్వ సంస్థలు చట్టాలను, నియమాలను, ధరలను, ప్రాజెక్టులను నిర్ణయించే ముందు ప్రజాభిప్రాయాన్ని కోరే సంప్రదాయం మన దేశంలో ఏ విధంగా ఏర్పడింది, ఎక్కడ బలపడింది, ఎక్కడ ఆగిపోయింది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1852 నాటి మద్రాసు విజ్ఞాపన మొదలుకొని 2020 పర్యావరణ ముసాయిదాపై జరిగిన భాషావివాదం వరకు గల ప్రధాన ఘట్టాలను ఇందులో చర్చించడం జరిగింది. ముందస్తు సమాచారం, అర్థమయ్యే భాష, కారణసహితమైన సమాధానం అనే మూడు ప్రమాణాలతో ఈ ఘట్టాలను అంచనా వేస్తే, పౌరునికి మాట్లాడే హక్కు విస్తరించినంతగా ప్రభుత్వానికి బదులిచ్చే బాధ్యత విస్తరించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రజాభిప్రాయ సేకరణ, ముసాయిదా, గెజెట్, బహిరంగ విచారణ, నియంత్రణ సంస్థలు, పరిపాలనా భాష.

1. ఉపోద్ఘాతం:

ప్రజాస్వామ్యంలో పౌరుడు ఐదేళ్లకొకసారి ఓటు వేస్తాడు. అయితే అతని నిత్యజీవితాన్ని ప్రభావితం చేసే నిర్ణయాలలో అధికభాగం శాసనసభలో కాక ప్రభుత్వ కార్యాలయాలలో రూపుదిద్దుకుంటాయి. విద్యుత్ ఛార్జీ ఎంత ఉండాలి, ఊరి పక్కన ఏ పరిశ్రమ రావచ్చు, ఏ భూమిని ఏ అవసరానికి సేకరించాలి అన్నవి ఇటువంటివే. శాసనసభ చేసే చట్టం చాలా సందర్భాలలో ఒక చట్రం మాత్రమే. దానిలోని వివరాలను నియమాల రూపంలో పూరించేది పరిపాలనా యంత్రాంగం. ఎన్నిక కాని అధికారులకు ఈ అధికారం దక్కినప్పుడు, ప్రజలతో సంప్రదింపు ఆ అధికారానికి కొంత నైతిక బలాన్ని చేకూరుస్తుంది.

ఈ సంప్రదింపుల చరిత్రను సాధారణంగా చట్టాల చరిత్రగానే చెబుతారు. ఈ వ్యాసం దానిని మూడు ప్రశ్నల చరిత్రగా చూస్తుంది. ఒకటి, నిర్ణయానికి ముందుగా పౌరునికి సమాచారం అందిందా? రెండు, అది అతనికి అర్థమయ్యే భాషలో ఉన్నదా? మూడు, అతను చెప్పిన మాటకు కారణాలతో కూడిన సమాధానం లభించిందా? ఈ మూడింటిలో ఏది లోపించినా సంప్రదింపు తంతుగా మారుతుందనడానికి చరిత్రలో తగినన్ని ఆధారాలు ఉన్నాయి.

2. విన్నపాల కాలం:

ఈస్టిండియా కంపెనీ పాలనలో ప్రజలను సంప్రదించవలసిన బాధ్యత పాలకులకు లేదు. ప్రజలకు ఉన్న మార్గం విన్నపం. ఈ మార్గాన్ని సంస్థాగతంగా వాడుకున్న తొలివారిలో తెలుగువాడైన గాజుల లక్ష్మీనరసు చెట్టి ముఖ్యుడు. ఆయన నాయకత్వంలో 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడింది. రైతులపై శిస్తు భారాన్ని, వసూలులో జరిగే హింసను వివరిస్తూ ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు విజ్ఞాపన పంపింది. పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమోర్ 1853లో మద్రాసు ప్రాంతాన్ని సందర్శించాడు. పార్లమెంటులో చర్చ జరిగిన తరువాత 1854లో విచారణ సంఘం ఏర్పడింది. శిస్తు వసూలులోనూ, పోలీసు వ్యవహారాలలోనూ చిత్రహింసలు జరుగుతున్నాయని ఆ సంఘం 1855 నివేదికలో అంగీకరించింది.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, చర్చను ప్రారంభించినవారు ప్రజలే కాని ప్రభుత్వం కాదు. ప్రభుత్వం ఆహ్వానించలేదు, గడువు ప్రకటించలేదు, సమాధానం ఇస్తానని మాట ఇవ్వలేదు. రెండవది, రైతు బాధ పాలకులను చేరాలంటే మద్రాసు పట్టణంలోని విద్యావంతులైన వర్తకులు దానిని ఇంగ్లీషులో పెట్టవలసి వచ్చింది. రైతుకూ రాజ్యానికీ మధ్య ఒక అనువాదకుడు తప్పనిసరి అయ్యాడు. ఈ రెండవ అంశం తరువాతి నూటడెబ్బై ఏళ్లలోనూ పూర్తిగా తొలగిపోలేదు.

3. ముసాయిదా – అభ్యంతరం:

ప్రభుత్వమే ముందుగా ముసాయిదా ప్రకటించి అభిప్రాయాలు కోరే పద్ధతికి స్థిరమైన చట్టరూపం 1897 జనరల్ క్లాజెస్ చట్టంలో కనిపిస్తుంది. ముందస్తు ప్రకటన తరువాతనే నియమాలు చేయాలని ఏదైనా చట్టం నిర్దేశించినట్లయితే పాటించవలసిన క్రమాన్ని ఈ చట్టంలోని 23వ సెక్షన్ వివరిస్తుంది. ముసాయిదాను ప్రకటించాలి. దానిని ఏ తేదీన, లేదా ఏ తేదీ తరువాత పరిశీలనకు తీసుకుంటారో తెలపాలి. ఆ తేదీకి ముందు వచ్చిన అభ్యంతరాలను, సూచనలను సంబంధిత అధికారి పరిశీలించాలి.

ఈ సెక్షన్‌కు గల పరిమితులు కూడా అంతే ముఖ్యమైనవి. మూలచట్టం ముందస్తు ప్రకటనను కోరితేనే ఇది వర్తిస్తుంది. పరిశీలించాలని చెప్పిందే కాని, పరిశీలించినట్లు కారణాలతో చూపాలని చెప్పలేదు. పైగా, తుది నియమం గెజెట్‌లో ప్రచురితమైతే అది సక్రమంగా రూపొందిందనడానికి ఆ ప్రచురణే నిర్ణాయక సాక్ష్యమని ఇదే సెక్షన్ చెబుతుంది. అంటే పౌరుడు మాట్లాడడానికి తలుపు తెరిచిన చట్టమే, తన మాట ఏమైందని అడిగే దారిని ఇరుకు చేసింది.

భూసేకరణ విషయంలో ఈ పరిణామం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1894 భూసేకరణ చట్టం మొదట్లో నష్టపరిహారం గురించి వాదించే అవకాశం ఇచ్చిందే కాని, అసలు సేకరణ ఎందుకని అభ్యంతరపెట్టే హక్కు ఇవ్వలేదు. 1923లో చేర్చిన 5-ఎ సెక్షన్ ఆ లోటును తీర్చింది. ప్రకటన వెలువడిన ముప్పై రోజులలోగా భూమిపై ఆసక్తి గలవారు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపే వీలుండేది. కలెక్టర్ వారి వాదన విని ప్రభుత్వానికి నివేదిక పంపవలసి ఉండేది. అయితే అత్యవసరమని ప్రభుత్వం భావిస్తే 17వ సెక్షన్ కింద ఈ విచారణను పక్కన పెట్టే వీలుండేది. ఈ మినహాయింపును విరివిగా వాడడం తరువాతి కాలంలో అనేక వ్యాజ్యాలకు కారణమైంది. 5-ఎ సెక్షన్ కింద వినే అవకాశం కేవలం లాంఛనం కాదని, ప్రభుత్వం అభ్యంతరాలపై మనసుపెట్టి ఆలోచించి కారణాలు చూపాలని సుప్రీంకోర్టు 2005లో హిందుస్థాన్ పెట్రోలియం కేసులో స్పష్టం చేసింది. 1923లో లభించిన హక్కుకు సమాధానం అనే అర్థం బలపడడానికి ఎనిమిది దశాబ్దాలు పట్టిందన్నమాట.

4. ప్రకాశం సంఘం – ఒక ముందడుగు:

మద్రాసు రాష్ట్రంలో 1937లో ఏర్పడిన కాంగ్రెస్ మంత్రివర్గం జమీందారీ ప్రాంతాల రైతుల సమస్యలను పరిశీలించడానికి రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం జమీందారీ ప్రాంతాలలో పర్యటించి అటు జమీందారుల నుంచి, ఇటు రైతుల నుంచి సాక్ష్యాలు సేకరించింది. భూమిపై హక్కు రైతుదేనన్న అభిప్రాయాన్ని 1938 నివేదికలో ప్రకటించింది. 1939లో మంత్రివర్గం రాజీనామా చేయడంతో ఆ నివేదిక వెంటనే చట్టం కాలేదు. స్వాతంత్ర్యానంతరం 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది.

ఈ సంఘం ప్రత్యేకత దాని పద్ధతిలో ఉంది. 1852లో రైతు తరపున పట్టణ సంఘం మాట్లాడింది. 1938 నాటికి ప్రభుత్వ సంఘమే రైతు ఉన్న చోటికి వెళ్లింది. విన్న మాటలను, వాటి ఆధారంగా చేరిన నిర్ణయాన్ని ఒకే నివేదికలో ప్రచురించింది. సంఘం తీర్మానాలతో ఏకీభవించనివారు కూడా అవి ఏ సాక్ష్యం నుంచి వచ్చాయో పరిశీలించి వాదించగలిగారు. విధాన చర్చకు ఇంతకంటే అవసరమైన లక్షణం లేదు.

5. అమెరికా అనుభవం – తులనాత్మక దృష్టి:

ఈ సందర్భంలో అమెరికా అనుభవాన్ని గుర్తు చేయడం అవసరం. అక్కడ 1930లలో పరిపాలనా సంస్థలు విరివిగా నియమాలు చేయసాగాయి. కాని వాటిని ఒకచోట ప్రచురించే ఏర్పాటు లేదు. ఈ లోపం చమురు నియంత్రణ వ్యాజ్యాలలో బయటపడిన తరువాత 1935లో ఫెడరల్ రిజిస్టర్ చట్టం వచ్చింది. 1946లో వచ్చిన పరిపాలనా విధాన చట్టం మరో అడుగు ముందుకు వేసింది. సంస్థ ప్రతిపాదిత నియమాన్ని ప్రకటించాలి, ప్రజల వ్యాఖ్యలను స్వీకరించాలి, తుది నియమంతోపాటు దాని ఆధారాన్ని, ప్రయోజనాన్ని సంక్షిప్తంగా తెలపాలి. ముఖ్యమైన వ్యాఖ్యలకు బదులివ్వని నియమాలను కోర్టులు కొట్టివేయడంతో ఆ సంక్షిప్త వివరణ క్రమంగా విస్తృతమైన సమాధానంగా మారింది.

అయితే ఆ పద్ధతికీ హద్దులున్నాయి. ఇంటర్నెట్ తటస్థతపై 2017లో అక్కడి సమాచార ప్రసారాల సంఘానికి రెండు కోట్లకు పైగా వ్యాఖ్యలు అందాయి. వాటిలో సుమారు ఒక కోటీ ఎనభై లక్షలు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 2021 నివేదికలో తేల్చింది. వ్యాఖ్యల సంఖ్య ప్రజాభిప్రాయానికి కొలమానం కాజాలదని దీనివల్ల రుజువైంది. సంప్రదింపు అనేది ఓటింగు కాదు. ఒకే ఒక్క వ్యక్తి చెప్పిన సరైన వాస్తవం లక్ష నకలు ఉత్తరాలకంటే విలువైనది కావచ్చు.

6. బహిరంగ విచారణలు – తెలుగు నేల అనుభవం:

ఆర్థిక సంస్కరణల తరువాత మన దేశంలో బహిరంగ విచారణ రెండు రంగాలలో చట్టబద్ధమైంది. మొదటిది పర్యావరణం. 1994 పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటనకు 1997లో చేసిన సవరణ బహిరంగ విచారణను తప్పనిసరి చేసింది. 2006 ప్రకటన దాని క్రమాన్ని వివరంగా నిర్దేశించింది. ముప్పై రోజుల ముందస్తు నోటీసు ఇవ్వాలి. జిల్లా మేజిస్ట్రేటు లేదా తగిన హోదా గల ప్రతినిధి అధ్యక్షత వహించాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉండాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలను, వాటిపై ప్రాజెక్టు సంస్థ ఇచ్చిన వివరణను నమోదు చేయాలి. ఇంత చేసినా అసలు శాస్త్రీయ నివేదిక వందల పుటలలో ఇంగ్లీషులోనే ఉండడం పరిపాటి. సారాంశం మాత్రమే చదివినవారు సారాంశంపైనే ప్రశ్నించగలరు.

రెండవది విద్యుత్తు. 1998 ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం కింద 1999లో నియంత్రణ మండలి ఏర్పడింది. అంతకుముందు ఛార్జీల నిర్ణయం ప్రభుత్వానికీ విద్యుత్ బోర్డుకూ మధ్య వ్యవహారంగా ఉండేది. మండలి ఏర్పాటుతో ఛార్జీల ప్రతిపాదనలను ప్రకటించడం, అభ్యంతరాలను స్వీకరించడం, బహిరంగంగా విచారించడం, కారణాలతో ఉత్తర్వు ఇవ్వడం అనే క్రమం మొదలైంది. అయినా 2000 సంవత్సరంలో పెరిగిన ఛార్జీలపై రాష్ట్రమంతటా ఉద్యమం చెలరేగింది. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్ వద్ద పోలీసు కాల్పులలో ఉద్యమకారులు ప్రాణాలు కోల్పోయారు.

విచారణ జరిగినా వీధిపోరాటం ఎందుకు వచ్చిందన్న ప్రశ్న చరిత్రకారులకు ముఖ్యమైనది. సంస్కరణల దిశను నిర్ణయించినది మండలి కాదు. ఆ దిశలో ఛార్జీ ఎంత ఉండాలన్నదే మండలి ముందున్న విషయం. ప్రజల ప్రశ్న మాత్రం ఆ దిశ గురించినది. నిర్ణయమైపోయిన విధానంలో మిగిలిన వివరాలపై మాత్రమే అభిప్రాయం అడిగితే, అసలు ప్రశ్న మరో వేదికను వెతుక్కుంటుందని ఈ ఘట్టం నిరూపిస్తుంది. అయినప్పటికీ ఈ విచారణల విలువను తక్కువ చేయలేము. ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన తరువాతనే టారిఫ్ ఉత్తర్వు ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టంలోని 64వ సెక్షన్ దేశమంతటికీ నిర్దేశించింది. అభ్యంతరం, పంపిణీ సంస్థ జవాబు, మండలి అభిప్రాయం ఒకే ఉత్తర్వులో వరుసగా నమోదయ్యే సంప్రదాయం పరిశోధకులకు ఒక అమూల్యమైన ఆధార సంపద.

7. కారణం చెప్పే నిర్ణయం:

2009 అక్టోబరులో జన్యుమార్పిడి బీటీ వంకాయకు జెనెటిక్ ఇంజనీరింగ్ ఆమోద సంఘం అనుమతి ఇచ్చింది. నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ వెంటనే దానిని అమలు చేయక, 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో హైదరాబాద్‌తో సహా ఏడు నగరాలలో బహిరంగ సంప్రదింపులు జరిపాడు. రైతులు, శాస్త్రవేత్తలు, వినియోగదారులు వీటిలో పాల్గొన్నారు. నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కె. రోశయ్యతోపాటు పలు రాష్ట్రాల ముఖ్యమంత్రులు తమ అభ్యంతరాలను లేఖల ద్వారా తెలిపారు. 2010 ఫిబ్రవరి 9న మంత్రి తాత్కాలిక నిలుపుదల ప్రకటిస్తూ, తనకు అందిన వాదనలను, తన కారణాలను వివరంగా ప్రచురించాడు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న విషయంలో శాస్త్రవేత్తల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. అయితే దానితో విభేదించేవారికి కూడా ఖండించడానికి స్పష్టమైన కారణాలు కాగితం మీద లభించాయి.

టెలికాం రంగంలోనూ ఇటువంటి పరిణామం కనిపిస్తుంది. 1997 చట్టం ప్రకారం టెలికాం నియంత్రణ సంస్థ పారదర్శకత పాటించాలి. 2015లో ఇంటర్నెట్ తటస్థతపై ఆ సంస్థ వెలువరించిన సంప్రదింపు పత్రానికి పది లక్షలకు పైగా స్పందనలు వచ్చాయి. తరువాత డేటా ఛార్జీల వివక్షపై జరిగిన సంప్రదింపులో ఒకే నమూనాలో వచ్చిన లక్షల స్పందనలు తాను అడిగిన ప్రశ్నలకు జవాబివ్వలేదని సంస్థ పేర్కొంది. 2016 ఫిబ్రవరి 8న వివక్షాపూరిత ఛార్జీలను నిషేధిస్తూ, వివరణ పత్రంతో కూడిన నిబంధనను జారీ చేసింది.

అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు ఇదే సంస్థకు చెందిన మరో నిబంధనను కొట్టివేసింది. కాల్ మధ్యలో తెగిపోతే వినియోగదారునికి పరిహారం చెల్లించాలన్న నిబంధన అది. సంప్రదింపు జరిగినా లేవనెత్తిన వాదనలకు తగిన సమాధానం లేదని, అది పారదర్శకత అనిపించుకోదని న్యాయస్థానం భావించింది. అమెరికా చట్టం తరహాలో ఒక శాసనం చేయవలసిందిగా పార్లమెంటుకు సూచించింది. ఇక్కడ ఓడినది వినియోగదారునికి అనుకూలమైన నిబంధన అన్నది గమనార్హం. సమాధానమిచ్చే బాధ్యత ఒక పక్షానికి మాత్రమే రక్షణ కాదు. అది వ్యాపార సంస్థకూ, రైతుకూ ఒకే విధంగా వర్తించే న్యాయసూత్రం.

8. భాషావివాదం – 2020:

విధాన నిర్ణయాల సమయంలో సంబంధిత వాస్తవాలను ప్రచురించాలని, నిర్ణయాలకు కారణాలు తెలపాలని, స్థానిక భాషను దృష్టిలో ఉంచుకొని సమాచారాన్ని వ్యాప్తి చేయాలని 2005 సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ నిర్దేశిస్తుంది. 2014లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన శాసనపూర్వ సంప్రదింపుల విధానం ముసాయిదా బిల్లులను కనీసం ముప్పై రోజులు ప్రజల ముందుంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని ప్రచురించాలని చెప్పింది. అయితే ఇది కార్యనిర్వాహక విధానమే కాని చట్టం కాదు. పాటించని పక్షంలో బిల్లు చెల్లకుండా పోదు.

ఈ నేపథ్యంలో 2020 పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా వచ్చింది. కరోనా లాక్‌డౌన్ కాలంలో ఏప్రిల్ 11న అది గెజెట్‌లో ప్రచురితమైంది. ఇంగ్లీషు, హిందీ భాషలలో మాత్రమే వెలువడిన ఆ ముసాయిదాపై ఢిల్లీ హైకోర్టు జూన్ 30న తీర్పునిస్తూ గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నింటిలోకి దానిని అనువదించాలని ఆదేశించింది. అధికార భాషల చట్టం ప్రకారం రెండు భాషలలో ప్రచురిస్తే చాలునన్నది కేంద్రం వాదన. విషయం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది.

కేంద్రం వాదన చట్టంలోని అక్షరానికి సరిపోవచ్చు. కాని తన ఊరి చెరువు పక్కన రాబోయే పరిశ్రమపై విచారణ ఉండాలా వద్దా అని తేల్చే ముసాయిదాను, ఆ ఊరి తెలుగు రైతు ఇంగ్లీషులోనో హిందీలోనో చదువుకోవాలనడం సంప్రదింపు లక్ష్యానికే విరుద్ధం. మినహాయింపుల చరిత్ర కూడా దీనితోపాటు చూడదగినదే. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అధ్యయనాన్ని, గ్రామసభతో సంప్రదింపును తప్పనిసరి చేస్తూ ఆ నివేదికలు స్థానిక భాషలో ఉండాలని నిర్దేశించింది. అయితే 2017లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ సవరణల ద్వారా కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అధ్యయనం నుంచి మినహాయించుకునే అధికారాన్ని పొందాయి. హక్కు తెలుగులోకి వచ్చిన కొద్ది ఏళ్లకే దాని పరిధి కుదించుకుపోయింది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల ఈ క్రింది అంశాలు తేలుతున్నాయి.

- విన్నపం నుంచి అభ్యంతరానికి, అభ్యంతరం నుంచి బహిరంగ విచారణకు పౌరుని హక్కు క్రమంగా విస్తరించింది. ముందస్తు సమాచారం అనే మొదటి ప్రమాణం చాలావరకు చట్టబద్ధమైంది.
- అర్థమయ్యే భాష అనే రెండవ ప్రమాణం సారాంశాల వద్దనే ఆగిపోయింది. 1852లో అవసరమైన అనువాదకుడు 2020లోనూ అవసరమయ్యాడు.
- కారణసహితమైన సమాధానం అనే మూడవ ప్రమాణం విద్యుత్ నియంత్రణ వంటి కొన్ని రంగాలలో సంప్రదాయంగా, మరికొన్ని చోట్ల న్యాయస్థానాల తీర్పుల ద్వారా నిలబడింది. అన్ని సంస్థలకు వర్తించే సాధారణ చట్టం లేదు.
- మూలనిర్ణయం తరువాత వివరాలపై మాత్రమే జరిపే సంప్రదింపు అసంతృప్తిని తొలగించదని 2000 నాటి విద్యుత్ ఉద్యమం తెలుపుతుంది.

ఈ నాలుగింటిలో రెండవ అంశం తెలుగు పరిశోధకులకు నేరుగా సంబంధించినది. ముసాయిదాలను, టారిఫ్ ఉత్తర్వులను, బహిరంగ విచారణల నమోదులను మన విశ్వవిద్యాలయాలు సాహిత్యేతర కాగితాలుగా భావించి పక్కన పెట్టాయి. నిజానికి అక్కడ రైతులు, చేనేత కార్మికులు, గృహిణులు తమ మాటల్లో చెప్పిన తెలుగు ఉంది. ఆ మాటకు లభించిన సమాధానం కూడా ఉంది, లేదా సమాధానం లేకపోవడం ఉంది. ఆ నమోదులను సేకరించి, అధ్యయనం చేసి, పరిపాలనా తెలుగులో చదవదగిన ముసాయిదా ఏ విధంగా ఉండాలో చూపగలిగితే, ప్రభుత్వానికీ పౌరునికీ మధ్య నూటడెబ్బై ఏళ్లుగా నిలిచి ఉన్న దూరాన్ని కొంతైనా తగ్గించిన వారమవుతాము.